పురుగును చూసే కన్ను మనిషినీ చూడాల

ఈసారి ఆకు గురించీ, గూళ్ల ధర గురించీ కాదు, పక్షవాతం గురించి రాస్తున్నాం.

తట్టలో పురుగు మేత మాని తల పైకెత్తితే జ్వరానికి పోతోందని మనం ఇట్టే చెప్పేస్తాం. ఇంట్లో మనిషి మూతి వంకర పోతే మాత్రం "గాలి సోకింది, తెల్లారితే సర్దుకుంటుంది" అని పడుకోబెట్టే ఇళ్లు గుడియాత్తం పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అది గాలి కాదు. మెదడుకు రక్తం పోయే నాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లినా వచ్చే జబ్బు. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని డాక్టర్ల లెక్క.

*గుర్తుపట్టేది ఇట్లా*

మొహం: నవ్వమని చెప్పండి. మూతి ఒక పక్కకు జారిందా?
చెయ్యి: రెండు చేతులూ ముందుకు చాపమనండి. ఒకటి కిందికి వాలుతోందా?
మాట: "ఈ పొద్దు ఎన్ని మోపుల ఆకు కోసినాం?" అని అడగండి. మాట ముద్దగా వస్తోందా, పొంతన లేదా?

ఉన్నట్టుండి చూపు తగ్గడం, నడక తూలడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి కూడా గుర్తులే. వీటిలో ఒక్కటి కనబడినా చాలు, 108కి ఫోను చెయ్యాల. బ్లీచింగ్ వాసనకు తల తిరిగిందనో, నిద్ర చాలలేదనో అనుకోవద్దు. పది నిమిషాల్లో తగ్గిపోయినా పోవాల్సిందే. పెద్దది రాబోతోందని అది హెచ్చరిక.

*టైము రాసుకోండి*

పురుగులు జ్వరం నుంచి ఎప్పుడు లేచాయో రాసుకుంటాం కదా. అట్లే ఆ మనిషి ఆఖరుగా ఎన్ని గంటలకు బాగున్నాడో రాసిపెట్టుకోండి. డాక్టరు ముందు అడిగేది అదే. గడ్డ కరిగించే సూది మామూలుగా నాలుగున్నర గంటల లోపలే వేస్తారు. దానికి ముందు సీటీ స్కాను తియ్యాల. నాళం మూసుకుందా, చిట్లిందా అనేది స్కానులోనే తెలిసేది. అందుకే ఇంట్లో ఏ మాత్రా మింగించొద్దు. నీళ్లు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాటుమందుకని ఊళ్లు తిరిగితే ఆ గంటలు కాస్తా అయిపోతాయి.

గుడియాత్తం నుంచి వేలూరు 30 కిలోమీటర్ల పైమాటే. సీఎంసీకి ఇప్పుడు వేలూరు ఊళ్లోనూ, రాణిపేట దగ్గరా రెండు చోట్ల ఆసుపత్రులున్నాయి. అడుక్కంపారైలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. స్కానూ సూదీ రెండూ ఉన్న చోటికే తీసుకుపొమ్మని 108 వాళ్లతో చెప్పండి.

*రాకుండా చూసుకునేది*

మొదటి శత్రువు బీపీ. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. 140/90 దాటుతోందంటే డాక్టరుకు చూపించాల. ఐదో దశలో రాత్రీ పగలూ ఆకు వేసే హడావిడిలో మాత్ర మరిచిపోయేవాళ్లు చాలామంది. ఆకు కత్తి పక్కనే మాత్రల డబ్బా పెట్టుకోండి. బాగుందని సొంతంగా ఆపొద్దు. తమిళనాడులో 2021 నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' కింద బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు. ఊరి నర్సమ్మను అడిగి పేరు రాయించుకోండి.

ఉప్పు మనిషికి రోజుకు ఒక టీస్పూనుకు మించొద్దు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపల్లో ఉన్నదీ అందులో లెక్కే. షుగరు, గుండెదడ ఉన్నవాళ్లు పరీక్షలు మానొద్దు. సారా తగ్గించడం కాదు, మానితే మేలు. ఇక బీడీ, పొగాకు సంగతి. పొగాకు ముట్టిన చేత్తో ఆకు వేస్తే పురుగు చస్తుందని షెడ్డు గడప దాటనివ్వం. పురుగుకు విషమైనది మనకు మందు అవుతుందా?

"పురుగులు గూడు కట్టే టైము, ఎట్లా వదిలి పోయేది?" అని అడుగుతారని తెలుసు. అందుకే పంట పెట్టే ముందే పక్క షెడ్డువాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. ఒకరికి ఆపద వస్తే ఇంకొకరు ఆకు వేస్తారు, చంద్రికలకు ఎక్కిస్తారు. ఒక పంట పోతే తోటలో మళ్లీ ఆకు వస్తుంది. పడిపోయిన చెయ్యి అట్లా మళ్లీ చిగురించదు.

ఇది చదివి ఊరుకోకండి. ఈ పొద్దే ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. 108 నంబరు షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.