చల్లదనం వేరు, పొడిదనం వేరు

“ఏసీ ఇరవైలో పెట్టినా పిల్లాడి గదిలో గోడకు బూజు ఎందుకు పడుతోంది? రాత్రిళ్లు దగ్గు ఆగడం లేదు. గాలి మరీ పొడిబారిందేమో, హ్యుమిడిఫైయర్ కొనమంటారా?” ఉమ్ అల్ క్వైన్‌లో ఉంటున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. ఇంటి చెమ్మ పిల్లల ఊపిరికి చేటు అన్న సంగతి తేలిపోయింది. 2007లో పరిశోధకుడు విలియం ఫిస్క్ బృందం అప్పటి అధ్యయనాలను కలిపి లెక్కగడితే, చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం వంటి బాధలు సుమారు 30 నుంచి 50 శాతం ఎక్కువగా కనిపించాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెమ్మ, బూజుల మీదే మార్గదర్శకాలు వెలువరించింది. మిగిలిన చిక్కు ఒకటే: రోజంతా ఏసీ నడిచే ఇంట్లో చెమ్మ ఎలా నిలుస్తోంది? చాలా ఇళ్లలో దానికి చోటిస్తున్నది ఏసీ రిమోట్ మీద మనం అదేపనిగా తగ్గించుకుంటూ పోయే డిగ్రీల అంకే అంటాను.

ఉమ్ అల్ క్వైన్‌కు ఒకవైపు సముద్రం, మరోవైపు మడచెట్ల ఖోర్ (సముద్రపు పాయ). కాకినాడ ఉక్కపోత ఎరిగినవాళ్లకు కూడా ఆగస్టులో ఇక్కడి గాలి బరువుగానే తోస్తుంది. 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న సాయంత్రం ఘనమీటరు గాలిలో దాదాపు 26 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 24 డిగ్రీల దగ్గర 22 గ్రాములకు మించి నిలవదు. కాబట్టి కిటికీ సందుల్లోంచి దూరిన గాలిని చల్లబరిస్తే చాలదు, అందులోంచి నీళ్లు పిండాలి. ఏసీ పిండగా గదిలో 12 గ్రాములు మిగిలాయనుకుందాం. మంచం పక్కన పెట్టిన మీటరు 55 శాతం చూపిస్తుంది, మనం నిశ్చింతగా పడుకుంటాం. అదే గాలి, ఏసీ సూటిగా కొట్టి 17 డిగ్రీలకు చల్లబడిన గోడను తాకితే? అక్కడ పట్టేది 14.5 గ్రాములే గనుక తేమ 82 శాతం పైమాటే. కొత్తగా ఒక్క చుక్కా చేరలేదు, చోటు చల్లబడిందంతే. గోడ మీద 80 శాతం రోజుల తరబడి నిలిస్తే బూజుకు అది చాలు, నీళ్లు కారనక్కర్లేదు.

“మరి పైపులోంచి బకెట్ల కొద్దీ నీళ్లు పోతున్నాయి కదా, ఏసీ గాలిని ఆరబెడుతున్నట్టే కదా?” అని అడగవచ్చు. నిజమే, అసలు ఏసీ పుట్టిందే అందుకు. 1902లో బ్రూక్లిన్ అచ్చుయంత్రాల దగ్గర కాగితం తేమకు సాగి రంగులు చెదిరిపోతుంటే, విలిస్ కారియర్ గాలిలో తేమను అదుపు చేసే యంత్రం రూపొందించాడు. అయితే కంప్రెసర్ ఆన్ కాగానే నీళ్లు బయటికి రావు. ముందు కాయిల్ మీది పలచటి అల్యూమినియం రేకులు చల్లబడాలి, వాటి మీద చుక్కలు పట్టాలి, చుక్కలు బరువెక్కి ట్రేలోకి జారాలి, ఆ తర్వాతే పైపు. దీనికి నిమిషాలు పడుతుంది. చిన్న గదికి రెండు టన్నుల ఏసీ బిగిస్తే గది చిటికెలో చల్లబడి, చుక్కలు జారకముందే కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటే, రేకులను అంటుకున్న నీరంతా మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. యంత్రాన్ని ఆపకుండా నడిపి కొలిచిన సామర్థ్యాన్నే ఇంట్లోనూ నమ్ముకోవడం పరిశ్రమ చేసిన పొరపాటు. ఆగి ఆగి నడిచే ఏసీ తేమ తీయడంలో ఎంత వెనకబడుతుందో ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ తరఫున హెండర్సన్, షైరీ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. అంకె తగ్గిస్తే కంప్రెసర్ ఎక్కువసేపు నడిచి ఇంకొంత నీరు పిండుతుందన్న వాదన కొంతవరకు సరైనదే. కానీ గోడ, పరుపు, బీరువా వెనక భాగం కూడా అంతే చల్లబడతాయి. పైన చెప్పిన సాయంత్రపు గాలికి 27 డిగ్రీల దగ్గరే నీరు పట్టడం మొదలవుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ గాలి లోపలికొస్తుంది, ఎంత చల్లటి చోటు దొరికితే అంత చెమ్మ దించుతుంది.

ఇక పరుపులోని దుమ్ము పురుగు. అలర్జీకి దుమ్మే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1960లలో లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా అనే పరిశోధకులు అందులోని ఈ పురుగును పట్టుకున్నారు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, నీళ్లు తాగదు. ముందుకాళ్ల మొదట్లోని గ్రంథుల్లో ఊరే ఉప్పటి ద్రవంతో గాలిలోని ఆవిరినే పీల్చుకుంటుంది. తేమ రోజుల తరబడి 50 శాతం లోపే ఉంటే ఎండిపోతుంది. ఇప్పటికే చెమ్మ ఉన్న గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టడమంటే ఈ పురుగును సాకడమే. మరీ పొడిగాలీ మంచిది కాదు: గినీ పందుల మీద 2007లో చేసిన ప్రయోగంలో 20 శాతం తేమ దగ్గర ఫ్లూ బాగా వ్యాపించింది. కానీ ఆ భయం చలిదేశాల హీటర్ గదులది, గల్ఫ్ తీరానిది కాదు.

కనుక అమ్మా, హ్యుమిడిఫైయర్ వద్దు. ఏసీ 24, 25లో పెట్టి, ఫ్యాన్ ఆటోలో ఉంచి, ఉక్క ఎక్కువైనప్పుడు డ్రై మోడ్ వాడండి. గదిలో బట్టలు ఆరేయకండి. తేమ మీటరును మంచం పక్కనే కాదు, చల్లటి గోడకు ఆనించి కూడా చూడండి. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి, ఆ పని మీటరు చేయదు. ఒక్క ఫిర్యాదు మిగిలింది. తేమ కోసమే పుట్టిన యంత్రానికి ఇచ్చే మామూలు రిమోట్ మీద డిగ్రీలే కనిపిస్తాయి, తేమ శాతం ఉండదు. అది కనిపించనంతకాలం ఇళ్లలో అందరూ డిగ్రీలనే తగ్గిస్తారు, దుకాణాల్లో టన్నులనే పెంచి అమ్ముతారు.