పరుగుకై పుట్టిన చిన్న జాగిలము

కుక్కలలో వాసన పట్టి వేటాడునవి కొన్ని, కంటితో చూచి తరుమునవి కొన్ని. ఈ రెండవ తెగలో మిక్కిలి చిన్నది ఇటాలియన్ గ్రేహౌండ్. భుజము వద్ద దీని ఎత్తు 32 నుండి 38 సెంటీమీటర్లు. బరువు 5 కిలోలకు మించరాదు. ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరిక్ ఈ కుక్కలపై ఎంత మక్కువ పెంచుకొనెనన్న, తన్ను వాటి సరసనే పాతిపెట్టవలెనని కోరెను. ఆయన 1786లో మరణించినను, ఆ కోరిక 1991లో గాని నెరవేరలేదు.

ఈ కుక్క పరుగిడునపుడు వెన్ను విల్లువలె వంగి, మరల సాగును. ఒక్కొక్క అంగలో రెండు మారులు నాలుగు కాళ్లును నేలను విడుచును. ఇట్టి పరుగునకు తేలికయైన దేహము, పొడవైన సన్నని కాళ్లు కావలెను. ఇంటిలో చిక్కు తెచ్చునవి కూడ ఇవియే.

ముంగాలిలో రేడియస్, అల్నా అను రెండెముకలు కలవు. పెద్దదియగు రేడియస్ సైతము ఇంచుమించు పెన్సిలు మందమే. సోఫా పైనుండి గాని, ఎత్తుకొన్నవారి చేతులలోనుండి గాని దూకినపుడు భారమంతయు ముంగాళ్లపై పడి, మణికట్టుకు కొంచెము పైన ఎముక విరుగును. చిన్న జాతులలో ఆ చోటికి రక్తప్రసారము తక్కువ. అందుచే ఎముక ఆలస్యముగా అతుకును, ఒక్కొక్కప్పుడు అతుకనే అతుకదు. కట్టు కట్టినంతమాత్రమున తరచుగా చాలదు. వైద్యుడు లోహపు పలకను మరలతో బిగింపవలసి వచ్చును. ఎముకలు ఇంకను ఎదుగుచుండు మొదటి ఏడాది మరింత జాగ్రత్త అవసరము. నునుపైన గచ్చుపై తివాచీ పరచవలెను. మంచము ప్రక్కన మెట్టు అమర్చవలెను. పిల్లలు నేలపై కూర్చుండియే దీనిని ఒడిలోనికి తీసికొనవలెను.

దేహము చిన్నదైనకొలది, బరువుతో పోల్చిన చర్మపు వైశాల్యము హెచ్చు. వేడి త్వరగా జారిపోవును. చర్మము క్రింద కొవ్వు బహు తక్కువ, వెండ్రుకలు పొట్టివి. చలిదేశములలో దీనికి తొడుగు ఉన్నిచొక్కా వేడుకకు కాదు. హైదరాబాదులో పెంచువారికి శీతలయంత్రమున్న గదియే చలిదేశము!

ఇరుకు దవడలో పండ్లకు త్వరగా గార పట్టును. దినమును తోమవలెను. వైద్యుడు గార తీయుటకు మత్తు ఈయక తప్పదు. థయోపెంటాల్ వంటి మందులను గ్రేహౌండ్ల కాలేయము మెల్లగా విరుచును. ఆ మత్తునుండి అవి గంటల తరబడి తేరుకొనవు. కనుక జాతి పేరు వైద్యునకు ముందే చెప్పవలెను. వేరు మందులు కలవు.

ఇక వీధి. ఉడుత కదలినదా, పిలుపు చెవి కెక్కదు. కంచె లేనిచోట త్రాడు విప్పరాదు. తల సన్నమగుటచే మామూలు మెడపట్టీ జారిపోవును. లాగినపుడు కొద్దిగా బిగియు వెడల్పు పట్టీ మేలు. తప్పించుకొన్నదానిని పరుగెత్తి పట్టుట మనిషి తరము కాదు. దాని పేరు పిలుచుచు ఎదురు దిక్కునకు పరుగెత్తిన, తరుము బుద్ధి చేత అదియే తరచుగా వెనుక వచ్చును.