ఫోన్ ఖరీదైందే.. మరి ఫొటో ఎందుకు బాగా రాలేదు? బ్యారేజీ నుంచి కొల్లేరు దాకా.. ఈ చిన్న సూత్రాలు తెలిస్తే చాలు!

సాయంత్రమైతే చాలు.. విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద ఫోన్లు పైకి లేస్తాయి. ఎదురుగా కృష్ణమ్మ, పడమర దిగిపోతున్న సూర్యుడు, పక్కనే ఇంద్రకీలాద్రి. ఇంతకన్నా ఏం కావాలి? తీరా ఇంటికెళ్లి చూసుకుంటే మాత్రం నీరసం వస్తుంది. ముఖం నల్లగా ఉంటుంది. నది ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. తల మీద కరెంటు స్తంభం మొలిచినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు ఇందులో ఫోన్ తప్పేమీ ఉండదు. ఎక్కడ నిలబడ్డాం, ఫ్రేములో ఏం ఉంచాం, ఏం తీసేశాం అన్నదే అసలు విషయం. దీన్నే కంపోజిషన్ అంటారు. కొత్తగా ఫొటోలు తీసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ముందు గ్రిడ్ ఆన్ చేయండి

దాదాపు ప్రతి ఫోన్‌లోనూ కెమెరా సెట్టింగ్స్‌లో 'గ్రిడ్' ఉంటుంది. ఆన్ చేస్తే తెర మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు వస్తాయి. ఫ్రేము తొమ్మిది గళ్లుగా విడిపోతుంది. చూపించాలనుకున్న మనిషినో, పడవనో సరిగ్గా మధ్యలో కాకుండా ఈ గీతలు కలిసే చోట ఉంచి చూడండి. ఇదే రూల్ ఆఫ్ థర్డ్స్. ఇది కెమెరాల కాలంలో పుట్టింది కూడా కాదు. 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు ప్రకృతి చిత్రాల గురించి రాస్తూ ఈ మాట చెప్పాడు.

డెల్టాలో ఈ గ్రిడ్‌తో ఇంకో లాభం ఉంది. ఇక్కడ నేలంతా చదును. నింగీ నేలా కలిసే గీత ఏ మాత్రం వంగినా ఇట్టే తెలిసిపోతుంది. కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవిలో అయితే మరీనూ! ఆ గీతను గ్రిడ్ గీతతో కలపండి. మబ్బులు బాగుంటే ఆకాశానికి రెండు వంతులు, నీళ్ల మీద మెరుపు బాగుంటే నీటికి రెండు వంతులు ఇవ్వండి.

సూర్యుడు వెనకుంటే..

బ్యారేజీ మీద సాయంత్రం ముఖాలు నల్లబడటానికి కారణం వెలుతురు వెనక నుంచి రావడమే. తెర మీద ముఖం ఉన్న చోట నొక్కితే ముఖం కనిపిస్తుంది, ఆకాశం మాత్రం తెల్లగా పాలిపోతుంది. ఆకాశం మీద నొక్కితే రంగులు నిలుస్తాయి, మనిషి నీడలా మిగులుతాడు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. ముఖమే కావాలంటే సూర్యుడికి పక్కగా తిరిగి నిలబడమనండి.. సగం సమస్య తీరిపోతుంది.

గీతలు దారి చూపిస్తాయి

1957లో ప్రారంభమైన ఈ బ్యారేజీకి 70 గేట్లున్నాయి. దిగువన ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే ఆ స్తంభాల వరుస కంటిని అవతలి ఒడ్డుదాకా లాక్కెళ్తుంది. అదే ఎదురుగా నిలబడి తీస్తే వట్టి గోడలా ఉంటుంది. నగరం మధ్యలోంచి పారే బందరు కాలువ, ఏలూరు కాలువ గట్లు, పొలంలో వరి గట్లు కూడా ఇలాంటి గీతలే. అయితే ఆ గీత చివర ఏదో ఒకటి ఉండాలి. సైకిల్ మీద వెళ్లే మనిషైనా, ఒంటరి తాటిచెట్టైనా చాలు.

గుహల్లో ఫ్రేము.. బొమ్మల ఎత్తులో కన్ను

నది దాటి ఉండవల్లి వెళ్తే నాలుగంతస్తుల గుహలు కనిపిస్తాయి. పై అంతస్తులో లోపల నిలబడి రెండు స్తంభాల మధ్య నుంచి బయటి పచ్చదనాన్ని తీయండి. చీకటి స్తంభాలే ఫొటోకి చట్రం కట్టినట్టు ఉంటుంది.

కొండపల్లి బొమ్మల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. నిలబడి పైనుంచి తీసేస్తారు. తెల్లపొణికి కర్రతో చెక్కిన అంబారీ ఏనుగు అప్పుడు చీమలా కనిపిస్తుంది. ఫోన్‌ను బొమ్మ ఎత్తుకు దించితే అదే ఏనుగు రాజసంగా నిలబడుతుంది. చిన్నపిల్లల ఫొటోలకీ ఇదే సూత్రం.

ఖాళీ కూడా ఫొటోలో భాగమే

కొల్లేరు ఆటపాక దగ్గర గూడబాతులను తీసేటప్పుడు పక్షి ఎటు ఎగురుతుందో అటువైపు ఖాళీ వదలండి. లేకపోతే గోడకి గుద్దుకోబోతున్నట్టు ఉంటుంది. నాట్యానికైతే ఇంకో జాగ్రత్త. కూచిపూడి తరంగంలో కళాకారిణి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడుతుంది. ముఖం మీదే దృష్టి పెట్టి పాదాలు కత్తిరిస్తే ఆ కష్టమంతా ఫొటోలోంచి పోయినట్టే.

అందానికే కాదు.. ఆపదలోనూ అవసరమే

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ సహా నగరంలోని కాలనీలు మునిగాయి. అలాంటప్పుడు నష్టం చూపించాలన్నా కంపోజిషనే కావాలి. వట్టి నీళ్లు తీస్తే అది ఏ ఊరో, ఎంత లోతో ఎవరికీ తెలియదు. ముందు వీధి, ఇల్లు కలిసి కనిపించేలా దూరం నుంచి ఒకటి తీయాలి. తర్వాత తలుపు, గడప లాంటి కొలత తెలిసిన వస్తువుతో నీటిమట్టం కనిపించేలా ఒకటి. చివరగా పాడైన వస్తువు దగ్గర నుంచి ఒకటి. మునిగిన చేనుకైనా ఇదే వరుస. ఇంటి నంబరో, సరిహద్దు గట్టో ఫ్రేములో ఉంటే చూసేవాళ్లకి అనుమానం ఉండదు. అయితే ప్రవాహంలోకి దిగి ఫొటోలు తీయడం మాత్రం వద్దే వద్దు.

ఇలా సాధన చేయండి

ఏదైనా ఒక్క వస్తువు ఎంచుకోండి. వీధి చివర టీ బండైనా సరే. జూమ్ చేయకుండా మీరే దగ్గరకీ, దూరానికీ జరుగుతూ, కూర్చునీ, పక్కకి తిరిగీ పది ఫొటోలు తీయండి. నొక్కే ముందు ఫ్రేము నాలుగు మూలలూ ఒకసారి చూడండి. అక్కర్లేనిది కనిపిస్తే ఒక్క అడుగు జరిగితే చాలు. పదిలో ఒకటి ఉంచుకుని, అదే ఎందుకు నచ్చిందో ఆలోచించండి. వారం రోజులు ఇలా చేశాక మళ్లీ బ్యారేజీకి వెళ్లి చూడండి. ఫోన్ పాతదే.. ఫొటో మాత్రం కొత్తగా ఉంటుంది!