వార్తల్లో పదం: జెల్ డిఫ్యూజన్

1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించడానికి బేగంపేటలో రోనాల్డ్ రాస్‌కు మైక్రోస్కోపు కావాల్సి వచ్చింది. యాంటిజెన్లను, యాంటీబాడీలను పట్టే జెల్ డిఫ్యూజన్ పరీక్షకు అదీ అక్కర్లేదు, ఫలితం మామూలు కంటికే కనబడుతుంది. అగార్ జెల్‌ను పలుచగా పోసి, గడ్డకట్టాక చిన్న గుంటలు చేస్తారు. ఒకదాంట్లో యాంటిజెన్, పక్కదాంట్లో యాంటీబాడీలున్న సీరం. రెండూ జెల్‌లో ఎదురెదురుగా పాకుతాయి. ఒకదానికొకటి సరిపడితే, పాళ్లు కుదిరినచోట తెల్లటి గీత పడుతుంది. రెండు యాంటిజెన్లను పోల్చాలంటే పక్కపక్క గుంటల్లో పోయాలి: గీతలు కలిసిపోతే రెండూ ఒకటే, దాటుకుని పోతే వేర్వేరు. స్వీడన్ శాస్త్రవేత్త ఊక్టర్‌లోనీ 1940లలో తెచ్చిన ఈ పద్ధతి చవకే గానీ నిదానం. గాంబియాలో మలేరియా రోగుల రక్తంలోని యాంటిజెన్లను 1960లలో దీంతోనే పరిశీలించారు. అయితే ఫలితం కోసం ఒకటి రెండు రోజులు ఆగాలి, మరీ కొద్దిగా ఉన్న యాంటీబాడీలు దీనికి చిక్కవు. అందుకే చాలా ల్యాబుల్లో దీని చోటును ఎలీసా పరీక్ష ఆక్రమించింది.