నీటి మీద జరిగిన సభ

కేరళలోని అలప్పుళలో ఉదయం చిన్న పడవ ఎక్కితే సాయంత్రానికి వేంబనాడు సరస్సులో కొంత భాగాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న కాలువలనూ చూసి రావచ్చు. ఇరుపక్కలా కొబ్బరిచెట్లు, గట్ల మీద ఇళ్లు, గట్టుకు ఆవల నీటిమట్టం కంటే దిగువన వరిచేలు. సముద్రమట్టం కంటే దిగువన వరి పండించే ఈ కుట్టనాడు సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పర్యాటక ప్రచారం దీనినంతా ప్రకృతి సౌందర్యమనే చెబుతుంది. అయితే ఆ చేలను మనుషులు చేశారు. ఆ మనుషులకు కులముంది.

సరస్సులో కొంత మేర చుట్టూ కొబ్బరి మొద్దులు, వెదురు పాతి, నీట మునిగి అడుగు నుంచి తెచ్చిన బంకమట్టితో గట్టు వేసేవారు. లోపలి నీటిని కాళ్లతో తొక్కే చక్రాలతో తోడిపోసేవారు. ఈ పనిలో ప్రధాన శ్రామికులు పులయులు. తెగిన గట్టు నిలవడానికి పులయ మనిషిని బలి ఇచ్చారన్న కథలు అక్కడి జనం నోట నేటికీ వినిపిస్తాయి. 1940లలో ఏర్పడిన చిత్తిర, మార్తాండం, రాణి పొలాలకు తిరువాన్కూరు రాజకుటుంబీకుల పేర్లు పెట్టారు. మట్టి మోసినవారి పేరు ఆ మూడింటిలో దేనికీ దక్కలేదు.

ఇదే జలరాశి ఉత్తరాన కొచ్చి దాకా సాగుతుంది. అక్కడ 1913లో ఒక అపూర్వమైన సభ జరిగింది. పులయులు నేల మీద గుమిగూడి సభ జరుపుకునే వీలు లేదు. పడవలను ఒకదానికొకటి కట్టి, పైన పలకలు పరచి, నీటి మీదనే సభ జరిపారు. చరిత్రలో అది కాయల్ సమ్మేళనంగా నిలిచింది. మత్స్యకార కులంలో పుట్టిన కవి పండిట్ కరుప్పన్ దానికి అండగా నిలిచాడు. కుల వివక్షను ఎండగట్టిన ‘జాతిక్కుమ్మి’ కర్త ఆయనే. నేల మొత్తం కులం చేతిలో ఉన్నప్పుడు నీటికి మాత్రమే యజమాని లేడని వారు గ్రహించారు.

దారుల మీద కూడా అదే నిషేధం. 1893లో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి తిరువాన్కూరు రహదారిపై సాగడమే ఒక తిరుగుబాటు అయింది. వేంబనాడు తూర్పు తీరాన ఉన్న వైక్కంలో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం 1924లో సత్యాగ్రహం ఆరంభమైంది.

ఆ తరువాత భూసంస్కరణలు వచ్చాయి. 1970 జనవరి 1 నుంచి కౌలుదారీ రద్దయింది. కౌలుదారుకు పొలం వచ్చింది. దున్ని, నాటి, కోసిన దళిత కూలీకి గుడిసె చుట్టూ ఉన్న జాగా మాత్రమే వచ్చింది. పంచాయతీలలో దాని పరిమితి పది సెంట్లు. యాత్రికుడు ఫోటో తీసుకునే గట్టు మీది ఇరుకిళ్లు కొన్ని ఆ చట్టం మిగిల్చిన లెక్కలే. 2018 ఆగస్టు వరదలకు కుట్టనాడు మునిగినప్పుడు, మెరక మీద మరో జాగా లేని కుటుంబాలకు నీరు తీసినా తిరిగి వెళ్లవలసింది ఆ గట్టుకే.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. కోనసీమను ఆంధ్ర కేరళ అని మురిసిపోతాం. దిండిలో పడవ ఇళ్లలో విహరిస్తాం. గోదావరి డెల్టా ఊళ్లలో కాటన్ దొర విగ్రహాలు కనిపిస్తాయి. ఆయన పట్ల రైతుల కృతజ్ఞత సమంజసమే. తట్టా పారా పట్టి కాలువలు తవ్విన కూలీలు మాత్రం ఎందరికి గుర్తున్నారు?

జలవిహారాన్ని మానుకోనక్కరలేదు. పడవ నడిపే యువకుడికి ఇచ్చే శిక్షణలో చేపల కూర రుచితో పాటు 1913 నాటి సభ కథ కూడా ఉండాలి. రేవుల్లో, పడవల అనుమతుల్లో, పర్యాటక ఆదాయంలో గట్టు మీద బతికే దళిత, మత్స్యకార కుటుంబాలకు వాటా ఉండాలి. గట్టు వేసినవారి వారసులు ఆ రేవులో సామాన్లు మోసేవారిగానే మిగిలిపోతే, ఆనాడు పడవల మీద నిలబడి వారు అడిగిన నేల ఇంకా వారికి దక్కనట్టే.