నీరు పండిన తరువాతే చేప: ఉప్పునీటి తొట్టెలో నత్రజని చక్రం

సముద్రపు నీటిని వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, గాలినిచ్చి తొట్టెలో నింపితే అది అద్దంలా తేటగా కనిపిస్తుంది. లవణీయత, ఉదజని సూచిక, కరిగిన ప్రాణవాయువు అన్నీ పరిమితిలోనే ఉంటాయి. అయినప్పటికీ అందులో వదిలిన చేపలు కొద్ది రోజులకే మేత మాని, నీటి పైభాగానికి చేరి మరణించడం కద్దు. ఇటువంటి సందర్భాలలో వెంటనే రోగాన్ని అనుమానించి మందులు వాడటం పరిపాటి. కాని చాలాసార్లు లోపం వేరొకచోట ఉంటుంది. నీరు శుభ్రపడింది గాని పరిపక్వం కాలేదు. కాకినాడ నుండి నరసాపురం వరకు ఉప్పునీటి సాగుతో ముడిపడిన గోదావరి డెల్టాలో ఈ భేదాన్ని విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు స్పష్టంగా గుర్తించవలసి ఉంది.

చక్రం నడిచే తీరు

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత, మలం కుళ్ళినప్పుడు కూడా అదే వెలువడుతుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గాను, నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ జీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. ఇవి నీటిలో తేలియాడటం కంటె గట్టి ఉపరితలాలను అంటిపెట్టుకొని పొరగా పెరుగుతాయి. సాధారణ సూక్ష్మజీవులు గంటలోపే రెట్టింపు కాగా, వీటికి ఒక రోజు లేదా అంతకు మించిన వ్యవధి కావాలి. పాలు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు. ఈ నీరు తోడుకోవడానికి మాత్రం సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

అమ్మోనియా విషప్రభావం ఉదజని సూచికపై ఆధారపడుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 8 ఉన్న ఉప్పునీటిలో, మొత్తం అమ్మోనియాలో అయనీకరణం చెందని విషరూపం సుమారు 5 నుండి 6 శాతం. సూచిక 9కి చేరితే అది మూడవ వంతును మించుతుంది. కనుక మొత్తం అమ్మోనియా ఒక్కదానినే చూసి నిర్ణయానికి రారాదు.

నీరు, ఆధారపదార్థాలు

జూలై నుండి అక్టోబరు వరకు గోదావరి వరద వలన తీరపు నీటిలో లవణీయత తగ్గి, ఒండ్రు పెరుగుతుంది. కాబట్టి వరదకు ముందే నీటిని సేకరించి నిల్వ చేసుకోవడం మేలు. క్లోరిన్‌తో శుద్ధి చేసిన నీటిలో అవశేష క్లోరిన్‌ను గాలి ప్రసరణతోను, అవసరమైతే సోడియం థయోసల్ఫేట్‌తోను పూర్తిగా తొలగించాలి. లేనిచో ఎదగవలసిన సూక్ష్మజీవులే నశిస్తాయి.

విదేశాలలో ఇందుకు జీవశిలలను వాడుతారు. మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూలు 1 రక్షణలో ఉన్నాయి. వాటిని సేకరించడం నేరం. పింగాణీ ఉంగరాలు, శుభ్రపరచిన ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ జీవవడపోత గుళికలు ఆ పనికి సరిపోతాయి.

తోడు కొరకు పాత తొట్టె నుండి కొంత వడపోత పదార్థం తెచ్చి వేస్తే వ్యవధి తగ్గుతుంది. అయితే 1994-95లో రాష్ట్ర తీరపు రొయ్యల సాగును దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధిని మరువరాదు. సాగులో ఉన్న రొయ్యల చెరువు మట్టిని, నీటిని తోడుగా వాడరాదు. రోగరహితమని పరీక్షలో తేలిన తొట్టె నుండి మాత్రమే తీసుకోవాలి.

ఆచరణ

చేపలను బలిపెట్టి చక్రాన్ని ప్రారంభించనవసరం లేదు. అమ్మోనియం క్లోరైడ్ చాలు. 200 లీటర్ల తొట్టెలో లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని కావాలంటే సుమారు 1.5 గ్రాముల లవణం కరిగించాలి. గాలి నిరంతరం అందించి, వెలుతురు తగ్గించాలి. వెలుతురు ఎక్కువైతే నాచు పెరిగి అమ్మోనియాను తానే గ్రహించి, పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి రేఖాపటం గీయాలి. మొదట అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ పెరుగుతుంది. కొన్నాళ్ళకు నైట్రైట్ కూడా పడిపోయి నైట్రేట్ మిగులుతుంది. అమ్మోనియా సున్నాకు రాగానే పని ముగిసిందని భావించి చేపలను వదలడమే అందరూ చేసే పొరపాటు. నెస్లర్ కారకం ఉప్పునీటిలో అవక్షేపాన్ని ఏర్పరచవచ్చు గనుక సాలిసిలేట్ పద్ధతి మేలు.

ఒక గ్రాము అమ్మోనియా నత్రజని ఆక్సీకరణకు సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు, 7.14 గ్రాముల క్షారత ఖర్చవుతాయి. లీటరుకు 2 మి.గ్రా. చొప్పున రోజూ మారుతుంటే, సుమారు 120 మి.గ్రా. క్షారత గల సముద్రపు నీరు ఎనిమిది తొమ్మిది రోజులలో దానిని కోల్పోతుంది. చక్రం మధ్యలో ఆగినట్లనిపిస్తే ముందుగా క్షారతను చూసి, వంట సోడాను కొద్దికొద్దిగా కలపాలి.

తిరిగి 2 మి.గ్రా. మోతాదు ఇచ్చినప్పుడు 24 గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ గుర్తించలేని స్థాయికి చేరితే తొట్టె సిద్ధమైనట్లు. అప్పుడు కొంత నీరు మార్చి నైట్రేట్‌ను తగ్గించి, చేపలను మూడు నాలుగు విడతలుగా వదలాలి. వదలడం ఆలస్యమైతే అమ్మోనియా మోతాదును కొనసాగించాలి, లేకపోతే సూక్ష్మజీవులు ఆహారం లేక క్షీణిస్తాయి. దీర్ఘకాలం విద్యుత్తు నిలిచిపోవడం, విచక్షణ లేని యాంటీబయాటిక్ వాడకం వలన కూడా పెరిగిన పొర దెబ్బతింటుంది.

విస్తరణకు పాఠం

ఈ సూత్రం అద్దాల తొట్టెకే పరిమితం కాదు. రొయ్య పిల్లల నర్సరీ తొట్టెలకు, పునఃచక్రీయ జలసాగుకు ఇదే వర్తిస్తుంది. సముద్రపు నీటిలో సమృద్ధిగా ఉండే క్లోరైడ్, మొప్పల వద్ద నైట్రైట్ ప్రవేశాన్ని కొంత నిరోధిస్తుంది. డెల్టా లోపలి భాగాలలో తక్కువ లవణీయతతో వనామీ సాగుచేసే రైతులకు ఆ రక్షణ తక్కువ. అక్కడ నైట్రైట్ పరీక్ష మరింత ముఖ్యం.

సాధారణంగా పిల్లలను హేచరీలో ముందుగా నమోదు చేసుకొని, ఆ తేదీకి నీటిని సిద్ధం చేయడానికి రైతు తొందరపడుతాడు. ఈ క్రమాన్ని తిరగవేయడమే విస్తరణ శాస్త్రవేత్త చేయగల మేలు. రేఖాపటంలో రెండు గీతలూ కిందికి వచ్చిన తరువాతే పిల్లలకు తేదీ చెప్పించాలి. నాలుగు వారాల నిరీక్షణకు అయ్యే ఖర్చు గాలి యంత్రపు విద్యుత్తు, కొన్ని పరీక్షలు మాత్రమే. తొందరపాటుకు చెల్లించే మూల్యం మొత్తం విత్తనం.