చికాగో నగర సందర్శనము



బిడ్డలు అమెరికాలో నున్న యిండ్లు నేఁడు మన పల్లెలలోఁ గూడఁ గొల్లలుగా నున్నవి. వారిని జూచి వచ్చిన పెద్దల నడిగినచో, "మేడలు మిక్కిలి యెత్తు, చూచి చూచి మెడ నొచ్చినది" అని చెప్పుదురు. నేనును చికాగో నగరమున మా రెండవ కుమారుని యింట మూడు మాసములు గడపితిని. మొదటి వారమున నాకును మెడయే నొచ్చినది. పిమ్మటఁ దల వంచి అచ్చటి నేలను, నీటిని పరికించితిని. ఆ నగరమునఁ జూడఁదగినది మీఁదికంటెఁ గ్రిందనే యెక్కువగా నున్నదని నాకుఁ దోఁచినది. ముఖ్యముగా దానినే మనవి చేయుదును.

చికాగో నగరము మిచిగన్ అను మహాసరస్సు గట్టున నున్నది. ఆ సరస్సు పొడవు 307 మైళ్లు. వెడల్పు మిక్కిలి యెక్కువైన చోట 118 మైళ్లు. గట్టున నిలిచినచో ఆవలి దరి కానరాదు. అలలు లేచుచుండును, ఓడలు తిరుగుచుండును. అయినను నీరు ఉప్పు గాదు. నాకు నమ్మకము చాలక పుడిసెఁడు నీరు తీసి నాలుకకుఁ దగిలించుకొంటిని. మా మనుమఁడు నవ్వినాఁడు. నగరమునకుఁ ద్రాగునీరు ఆ సరస్సునుండియే వచ్చును.

నగరము నడుమ నొక చిన్న నది గలదు. దాని పేరును చికాగోయే. పూర్వ మది పాఱి పాఱి సరస్సునఁ గలిసెడిది. ఊరు పెరిగినకొలఁది ఇండ్లలోని మురుగును, పశువధశాలల మలినమును ఆ నదిలోఁ బడి, సరస్సును జేరి, త్రాగునీటిని జెఱుపఁజొచ్చినవి. గట్టునకు దూరముగా నున్న మంచినీటిని దెచ్చుకొనుటకై సరస్సు అడుగున రెండు మైళ్ల సొరంగము త్రవ్వి 1867లో వాడుకకుఁ దెచ్చిరి. అదియుఁ జాలలేదు. తుదకు నదినే వెనుకకుఁ ద్రిప్ప నిశ్చయించిరి. పడమట నున్న మెరకను ఛేదించి 28 మైళ్ల కాలువ త్రవ్వి, దాని యడుగును సరస్సు మట్టముకంటెఁ బల్లముగాఁ జేసి, 1900వ సంవత్సరము జనవరిలో నీరు వదలిరి. నాఁటినుండి సరస్సు నీరే నదిలోనికిఁ బాఱి, కాలువ దాఁటి, ఇల్లినాయి నదిద్వారా మిసిసిపీ మహానదిలోఁ బడుచున్నది. నేను వంతెనమీఁదనుండి ఎండుటాకు నొకదానిని వైచి చాలసేపు చూచితిని. అది సరస్సు వైపునకుఁ బోలేదు.

ఇందు మెచ్చుకొనఁదగిన దెంత యున్నదో ఆలోచింపఁదగినదియు నంత యున్నది. పై యూరివారు తమ మురుగును క్రింది యూరి కాలువలోనికి వదలినచో నేమగునో మీ రెఱుఁగుదురు. అచ్చటను అదియే జరిగినది. దిగువనున్న మిస్సౌరీ రాష్ట్రమువారు దేశపు సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఆ మురుగువలననే తమ యూళ్లలో విషజ్వరము పెరిగినదని సాక్ష్యముచే ఋజువు కాలేదనియు, ఆ రాష్ట్రపు ఊళ్లును తమ మురుగును నదిలోనికే వదలుచున్నవనియుఁ జెప్పి 1906లో వ్యాజ్యమును గొట్టివేసిరి. పిమ్మట సరస్సు చుట్టునున్న రాష్ట్రములు నీటిమట్టము తగ్గుచున్నదని మొఱపెట్టఁగా, చికాగోవారు తీసికొనఁదగిన నీటికి 1930లో న్యాయస్థానము హద్దు విధించెను. సరస్సునకును నదికిని నడుమ 1938లో ముగిసిన లాకు నేఁటికిని బని చేయుచున్నది. గోదావరి కాలువలమీఁదఁ బడవ ప్రయాణము చేసిన పెద్దలకు లాకు సంగతి నేను వర్ణింప నక్కఱలేదు.

ఆ నదిమీఁదఁ బడవలోఁ ద్రిప్పి ఇరుప్రక్కల మేడల చరిత్రము చెప్పువా రున్నారు. చికాగోలో నొక్కదానినే చూచు వ్యవధి యున్నచో ఆ పడవనే యెక్కవలెనని నా యభిప్రాయము. 1871 అక్టోబరులో నీ నగరము తగులఁబడెను. సుమారు 300 మంది మరణించిరి. లక్షమంది నిలువనీడ లేనివారైరి. నాఁడు కాలక మిగిలిన రాతి నీటిబురుజు మిచిగన్ వీథిలో నేఁటికిని గలదు. మరల నూరు గట్టుకొనఁగా స్థలము ప్రియమై మేడలు పైకిఁ బెరిగినవి. 1885లో నొక పదియంతస్తుల భవనమునకు బరువు గోడలమీఁదఁ గాక లోహపు చట్రముమీఁద నుంచిరి. మన పందిటిలో బరువు రాటలమీఁద నుండును గాని తడికలమీఁద నుండదు గదా. అదియే యిందలి కీలకము. ఆ భవనమును 1931లోఁ బడఁగొట్టిరి గాని దాని సంతతి లోకమంతటను వ్యాపించినది. ఆ సంతతిలోని విల్లిస్ టవరు యెత్తు 1,450 అడుగులు, అంతస్తులు 110. దాని 103వ అంతస్తున గోడ వెలుపలికి వచ్చిన గాజుగదులు గలవు. గాజునేలమీఁద నిలిచినచోఁ గాలిక్రింద వీథి కానవచ్చును. మా యింటియామె పోయి నిలిచినది. నేను గోడ నంటిపెట్టుకొని యుంటిని.

ఇఁక నేల మాట. నగరమునకును సరస్సునకును నడుమ గ్రాంట్ పార్కు అను విశాలమైన బయలు గలదు. అగ్నిలోఁ గూలిన యిండ్ల శిథిలములను సరస్సులోఁ బోయఁగా నేర్పడిన నేల దానిలోఁ గొంత యున్నది. ఆ తీరమున నెన్నఁడును కట్టడములు కట్టరాదని 1836లోనే పటముమీఁద వ్రాసి యుంచిరి. కాని నేల వెల పెరుగఁగా నగరాధికారులే యచ్చటఁ గట్టడములు కట్టఁ దలఁచిరి. టపాద్వారా సరకులమ్ము మాంట్‌గామరీ వార్డు అను వర్తకుఁడు, తన కొట్టుకెదుట చెత్తకుప్పలను జూచి సహింపలేక, 1890లో వ్యాజ్యము వేసి ఇరువది సంవత్సరములు పోరాడెను. ఊరి యభివృద్ధి కడ్డుపడుచున్నాఁడని పత్రికలు దూషించినవి. ఆయన విడువలేదు; గెలిచెను. మా యూరి చెఱువు క్రింద నా చిన్ననాఁడు మందబయ లొకటి యుండెడిది. నేఁడు సెంటు భూమియైన మిగులలేదు. అడుగవలసినవారిలో నేనును ఒకఁడను. అడుగలేదు. గ్రాంట్ పార్కులో బల్లమీఁదఁ గూర్చున్నప్పు డది నాకు జ్ఞాపకము వచ్చినది.

ఆ బయలు ఉత్తరభాగమున, రైలుపట్టాలమీఁదఁ గప్పువేసి 2004లోఁ దెఱచిన మిలీనియం పార్కు గలదు. అందలి సంగీతమంటపము ఎత్తు, కట్టడములకున్న హద్దును మీఱుచుండఁగా, దానిని కట్టడము గాదు, శిల్పమనిరి. న్యాయవాదుల తెలివి యెక్కడను ఒక్కటియే. బొంబాయిలోఁ బుట్టిన అనీష్ కపూర్ నిర్మించిన అద్దమువంటి ఉక్కుశిల్ప మచ్చటనే యున్నది. 168 రేకులను అతుకు కానరాకుండఁ గలిపిరి. జనులు దానిని చిక్కుడుగింజ యందురు. క్రిందికిఁ బోయి పైకిఁ జూచినచో మనమే పలువురమై కనఁబడుదుము.

దగ్గఱనే, వాకిట రెండు కంచుసింహములున్న చిత్రశాల గలదు. 1893 సెప్టెంబరు 11వ తేదీన సర్వమతసభలో వివేకానందస్వామి ప్రసంగించినది ఆ భవనముననే. నాఁటి సభాశాల యిప్పుడు లేదు. ఎదుటి వీథిలో నొక భాగమునకు స్వామి పేరు పెట్టిరి.

పోఁదలఁచినవారు జూన్ మొదలు సెప్టెంబరు వఱకుఁ బోవుట మేలు. శీతకాలమున సరస్సుగాలి వృద్ధులు భరింపలేరు, పడవలును ఆగిపోవును. వేసవియందైనను పడవమీఁదఁ దలగుడ్డ కావలెను. మన వంటసరకులు డెవాన్ వీథిలో దొరకును. వేంకటేశ్వరాలయము పడమట అరోరా అను నూర నున్నది. దానికిఁ గారులోఁ బోవలెను.